హద్దు కంచె ఖర్చు చెరి సగం ఎలా అయింది?

రెండు ఇళ్ల మధ్య కంచె ఒరిగిపోతే ముందుగా వచ్చే ప్రశ్న, బాగుచేయించే ఖర్చు ఎవరిదని. ఇప్పుడు చాలా దేశాల చట్టాలు చెరి సగం అంటున్నాయి. పాతకాలంలో గొడవ ఖర్చు గురించి కాదు, అసలు హద్దు ఎక్కడన్నదే.

మనుస్మృతి ఎనిమిదో అధ్యాయంలో దీనికి పెద్ద ఏర్పాటే ఉంది. హద్దు వెంట మర్రి, రావి, మోదుగ, బూరుగ లాంటి చెట్లు నాటమంటుంది. అవి పైకి కనిపించే గుర్తులు. వాటితోపాటు రాళ్లు, ఎముకలు, ఊక, బూడిద, బొగ్గు, కుండపెంకులు నేలలో పాతిపెట్టమంటుంది. మట్టి వాటిని అంత త్వరగా తినేయదు కాబట్టి. తగాదా వస్తే గుర్తులు బాగా కనిపించే జ్యేష్ఠ మాసంలో తేల్చాలి. అప్పటికీ అనుమానం మిగిలితే సాక్షులు ఎర్ర బట్టలు కట్టుకుని, ఎర్ర పూలదండలు వేసుకుని, నెత్తిన మట్టి పెట్టుకుని ప్రమాణం చేసి మరీ హద్దు చూపించాలి. జానెడు నేల కోసం ఇంత తతంగమా అనిపించవచ్చు. హద్దు తగాదా పడ్డవాళ్లకు మాత్రం అలా అనిపించదు.

ఖర్చు సంగతికి వస్తే, 1804 నాటి ఫ్రాన్స్ సివిల్ కోడ్ ఇళ్ల మధ్య గోడ వేరే రుజువు లేనంతవరకు ఇద్దరిదీ అనే అనుకోవాలంది. మరమ్మతు భారం కూడా ఇద్దరిదే. వద్దనుకున్నవాళ్లు గోడ మీద హక్కు వదులుకుంటే సాధారణంగా ఆ భారం తప్పుతుంది. అమెరికాలోని మసాచుసెట్స్‌లో కంచెలు చూసి తగాదా తీర్చడానికి ఊరూరా మనుషులనే నియమించారు. వలస పాలన కాలంలో మొదలైన ఆ పదవి చట్టంలో ఇప్పటికీ ఉంది. అప్పటి బాధ పశువులతో. పక్కవాళ్ల ఆవు చేలో పడితే తప్పు ఆవు యజమానిదా, కంచె వేయని రైతుదా అన్నదే తగువు.

పట్టణాలు పెరిగాక బాధ మారింది. 1870లలో శాన్‌ఫ్రాన్సిస్కోలో రైల్వే ధనికుడు చార్లెస్ క్రాకర్, తనకు స్థలం అమ్మనన్న పొరుగువాడి ఇంటికి మూడు వైపులా సుమారు 40 అడుగుల ఎత్తున కంచె కట్టించాడు. ఆ ఇంటికి ఎండ లేదు, గాలి లేదు. ఇది పచ్చి దౌర్జన్యం. ఇలాంటి కక్ష కంచెల మీద మసాచుసెట్స్ 1887లో చట్టం చేసింది: పక్కవాళ్లను బాధపెట్టాలని, అవసరం లేకుండా 6 అడుగులు దాటించి కడితే నేరుగా కోర్టుకు వెళ్లవచ్చు.

నాకు అన్నిటికంటే నచ్చిన మార్పు ముందస్తు నోటీసు. కాలిఫోర్నియాలో 2014 నుంచి అమల్లో ఉన్న చట్టం ప్రకారం, ఖర్చు పంచుకోవాలంటే పని మొదలుపెట్టే 30 రోజుల ముందే పక్కవాళ్లకు రాసి ఇవ్వాలి. కంచెకు ఏమైంది, ఏం చేద్దామనుకుంటున్నాం, ఎంతవుతుంది, ఎలా పంచుకుందాం, ఎప్పటికి పూర్తవుతుంది, అన్నీ అందులో ఉండాలి. పని అయిపోయాక చేతిలో బిల్లు పెడితే ఎవరికైనా మండుతుంది కదా.

ఒక్క విషయంలో చాలామంది పొరపడతారు. కంచె ఎంత ఎత్తు ఉండవచ్చో చెప్పేది సాధారణంగా ఊరి పురపాలక నిబంధన. ఖర్చు ఎవరు భరించాలో చెప్పేది వేరే చట్టం. ఎత్తుకు వచ్చిన అనుమతి కాగితం చూపించి పక్కవాళ్లను సగం డబ్బు అడగడం కుదరదు.