హ్యాండీక్యాప్ అనే మాట గురించి మీ అవ్వ ఉత్తరం

పిల్లలూ,

మొన్న ఫోన్లో అడిగారు కదా, హ్యాండీక్యాప్ అంటే వికలాంగుడు అనేనా అవ్వా, మరి మా పాఠంలో వాన తక్కువ కావడం రైతుకు హ్యాండీక్యాప్ అని రాశారేమిటి, రైతుకు కాళ్ళూ చేతులూ బాగానే ఉన్నాయి కదా అని. మంచి ప్రశ్న. ఫోన్లో చెప్తే సగం మీకు వినపడదు, అందుకే రాస్తున్నా.

పాఠంలో ఉన్నదే సరైన వాడకం. పక్కవాడికి లేని ఇబ్బంది ఒకటి మనకు ఉండి, వాడితో సమానంగా పోటీ పడలేకపోతే ఆ ఇబ్బంది హ్యాండీక్యాప్. మన అనంతపురంలో ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన, అదీ శెనక్కాయకు ఊడలు దిగే టైముకు పడుతుందో లేదో తెలీదు. కోస్తాలో కాలువ కింద సాగు చేసే రైతు ఎంత కష్టపడతాడో మన రైతూ అంతే కష్టపడతాడు, కానీ పంట అంత రాదు. లోపం రైతులో లేదు, ఆయన నిలబడిన నేలకు నీళ్ళు లేవు. ఇది గుర్తుపెట్టుకోండి, మిగతాదంతా దీనిమీదే ఆధారపడి ఉంది.

ఈ మాట పుట్టింది ఇంగ్లండులో, ఒక బేరం ఆటలో. ఇద్దరు తమ వస్తువులు మార్చుకోవాలనుకుంటారు, ఒకరిది గడియారం, ఇంకొకరిది కోటు అనుకోండి. తక్కువ విలువ వస్తువు ఇచ్చేవాడు పైన ఎంత కట్టాలో మూడో మనిషి చెప్తాడు. ముందే కొంత డబ్బు టోపీలో వేసి ఉంచుతారు. ఆ తీర్పు విన్నాక ఇద్దరూ టోపీలో చెయ్యి పెట్టి తీస్తారు, ఒప్పుకున్నారో లేదో ఆ చేతిని బట్టి తెలుస్తుంది. చెయ్యి టోపీలో, ఇంగ్లీషులో హ్యాండ్ ఇన్ క్యాప్, అన్నదే ఆ ఆట పేరు. లండన్‌లో శామ్యూల్ పీప్స్ అనే ఆయన 1660లో తన డైరీలో ఈ ఆట గురించి రాసుకున్నాడు. టోపీ చేతపట్టుకుని అడుక్కునేవాళ్ళ నుంచి ఈ మాట వచ్చిందని వాట్సాప్‌లో తిరుగుతుంటుంది, అది తప్పు, ఎవరైనా పంపితే తప్పని చెప్పండి. ఒక మనిషిని తక్కువ చేసే అబద్ధం కాబట్టి మరీ గట్టిగా చెప్పండి.

తర్వాత ఇది గుర్రప్పందేలకు ఎక్కింది. అక్కడా మూడో మనిషి పనే, రెండు పక్కలా సమానం చేయడం. బాగా పరుగెత్తే గుర్రం మీద ఎక్కువ బరువు, అంత పరుగు లేనిదాని మీద తక్కువ బరువు పెడతారు, జీను దగ్గర సీసం పలకలు కూడా పెడతారు. 1861లో మొదలైన మెల్‌బోర్న్ కప్ ఇప్పటికీ ఇలాంటి పందెమే. అంటే మొదట్లో ఈ బరువు మోసింది అన్నిటికంటే బలమైన గుర్రం! గోల్ఫులో ఇంకో రకం, ఆట అంతగా రానివాళ్ళకు లెక్కలోంచి కొన్ని దెబ్బలు తీసేస్తారు, ఆ సంఖ్య 54 దాకా ఉండొచ్చు. మీరు వీధిలో పరుగుపందెం పెట్టుకుని చిన్నోణ్ణి నాలుగడుగులు ముందు నిలబెడతారే, అదే పద్ధతి. ఆటలో అరటిపండు గెలిచినా లెక్కలోకి రాదు, ఇక్కడ మాత్రం చిన్నోడు గెలిస్తే గెలిచినట్టే.

20వ శతాబ్దం మొదట్లో ఈ మాటను మనుషుల శరీరానికి అంటగట్టడం మొదలైంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1980లో దీన్ని విడదీసి చెప్పే ప్రయత్నం చేసింది. ఒక పిల్లాడి కాలు చచ్చుబడింది, అది శరీరంలో లోపం. దానివల్ల మెట్లు ఎక్కలేడు, అది పని చేయలేకపోవడం. క్లాసు మేడమీద ఉంది కాబట్టి బడి మానేశాడు, ఇదిగో ఇది హ్యాండీక్యాప్. క్లాసును కింది గదికి మారిస్తే మూడోది అక్కడితో పోతుంది, కాలు మాత్రం అలాగే ఉంటుంది. 2001లో ఆ సంస్థే తన వర్గీకరణ నుంచి ఈ మాటను తీసేసింది. మన దేశంలో 2016లో వచ్చిన చట్టం కూడా వైకల్యం అంటే శరీరంలోని లోపం ఒక్కటే కాదని, దానికి చుట్టూ ఉన్న అడ్డంకులు కలిసి మనిషిని అందరితో సమానంగా పాల్గొననివ్వకపోవడమని చెప్తుంది. 1995 చట్టంలో 7 రకాల వైకల్యాలుంటే ఇందులో 21 చేశారు.

మన ఊళ్ళో ఇంకా హ్యాండీక్యాప్డ్ పెన్షన్, పీహెచ్ (ఫిజికల్లీ హ్యాండీక్యాప్డ్) కోటా అనే అంటారు. వైకల్య సర్టిఫికెట్ కోసం సదరం క్యాంపుకు పోయే పెద్దవాళ్ళను అక్కడికక్కడ సరిదిద్దకండి, వాళ్ళకు ఆ సర్టిఫికెట్ టెన్షనే చాలు. మీరు మాత్రం మనిషిని ఆ మాటతో పిలవొద్దు. కుంటోడు, గుడ్డోడు అని పేరుకు ముందు తగిలించి పిలిచే అలవాటు మన పల్లెల్లో ఉంది, నాకది వింటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. దివ్యాంగులు అన్నా, విభిన్న ప్రతిభావంతులు అన్నా గౌరవం కోసమే పెట్టారు, కాదనను, కానీ క్లాసులో పక్కన కూర్చునే పిల్లకు పేరుంది కదా.

చూపులేని విద్యార్థి చెప్తుంటే ఇంకొకరు రాసే పరీక్షలో గంటకు 20 నిమిషాలైనా ఎక్కువ ఇవ్వాలని నిబంధన. వాళ్ళకేం, ఎక్స్‌ట్రా టైం ఉంది అని ఎవరైనా అంటే, ప్రశ్న చదివించుకుని, జవాబు నోటితో చెప్పి, రాసింది మళ్ళీ వినడానికి ఎంతసేపు పడుతుందో ఒకసారి చేసి చూడమనండి. అనంతపురంలో 1969 నుంచి పనిచేస్తున్న ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) అనే సేవాసంస్థ వాళ్ళు వినపడని పిల్లలకు, చూపులేని పిల్లలకు బడులు నడుపుతున్నారు. టీచరు, పిల్లలు అందరూ సైగల్లో మాట్లాడుకునే క్లాసులో వినపడని పిల్లకు ఏ హ్యాండీక్యాప్ ఉంటుంది చెప్పండి?

ఇక పరీక్షకు పనికొచ్చేది. ఫోన్ బ్యాటరీ తొందరగా అయిపోతే అది ఫోన్‌లోని డ్రాబ్యాక్, అంటే వస్తువులోనే ఉన్న లోటు, దాన్ని హ్యాండీక్యాప్ అని రాయకండి. ఇంగ్లీషు రాకపోవడం ఇంటర్వ్యూలో హ్యాండీక్యాప్ అంటే సరిగ్గా సరిపోతుంది. చివర 'డ్' చేరినప్పుడు 'పీ' రెండుసార్లు రాయాలి, చాలామంది ఒకటే రాసి మార్కు పోగొట్టుకుంటారు.

ఇద్దరూ చెరి మూడు వాక్యాలు సొంతంగా రాసి ఫోటో తీసి పంపండి, ఆదివారం కూర్చుని దిద్దుతా.

మీ అవ్వ,
అనంతపురం