స్కాన్‌కు దొరకని దిగులు

నెలల తరబడి నిద్ర ఉండదు, తిండి సయించదు, మంచం దిగబుద్ధి కాదు. ఇంట్లోవాళ్లు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి మొదట అడిగేది ఒకటే: ‘తలకు స్కాన్ తీస్తే తెలిసిపోతుంది కదండీ?’ ఒకవేళ తీయించినా గడ్డ ఉందేమో, ఎప్పుడో చడీచప్పుడు లేకుండా స్ట్రోక్ వచ్చి పోయిందేమో చూడ్డానికే. రిపోర్టు నార్మల్ అని వస్తుంది. అక్కడినుంచి రోగికి కొత్త చిక్కు మొదలవుతుంది. ‘స్కాన్‌లో ఏమీ లేదన్నారుగా, మరి నీకేం రోగం?’

డిప్రెషన్‌నో, యాంగ్జైటీనో నిర్ధారించే స్కాన్ ఏ దేశంలోనూ మామూలు వైద్యంలో లేదు. అమెరికా, యూరప్ ప్రభుత్వాలు దశాబ్దాలుగా మెదడు చిత్రాల మీద డబ్బు కుమ్మరించాక కూడా లేదు. డబ్బు చాలక ఇలా జరిగిందని కొందరంటారు. పాత లెక్కలు తిరగేస్తే నాకు కనిపించేది వేరు. డబ్బు వచ్చింది, కానీ చిల్లరగా వచ్చింది. ఆ చిల్లరకు తగ్గ పరిశోధనే జరిగింది.

కథ రెండో ప్రపంచ యుద్ధం అయిపోగానే మొదలవుతుంది. 1946లో ట్రూమన్ సంతకంతో అమెరికాలో జాతీయ మానసిక ఆరోగ్య చట్టం వచ్చింది. దాని ఫలంగా 1949లో జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ, ఎన్ఐఎంహెచ్, ఏర్పడింది. పరిశోధన విభాగానికి తొలి సారథి సీమోర్ కెటీ. మనిషి చేత కొద్దిపాటి నైట్రస్ ఆక్సైడ్ పీల్పించి, ధమనిలోంచి, మెడ దగ్గరి సిరలోంచి రక్తం తీసి, మెదడుకు ఎంత రక్తం అందుతోందో లెక్కగట్టే పద్ధతిని ఆయన అప్పటికే కనిపెట్టి ఉన్నారు. మెదడుకు అందే రక్తాన్ని అంకెల్లో కొలిచే పని నవ్వించే గ్యాసుతో మొదలైందన్నమాట. (అదే గ్యాసును ఇప్పుడు మొండి డిప్రెషన్‌కు మందుగా పరీక్షిస్తున్నారు.) ఆ పద్ధతితో 1955లో మనుషుల చేత మనసులో లెక్కలు చేయించి చూశారు. మెదడు మొత్తమ్మీద ఏ మార్పూ కనిపించలేదు. అంటే మొత్తాన్ని కాదు, ఏ మూల ఏం జరుగుతోందో చూడాలి. కెటీ దగ్గర పనిచేసిన లూయీ సోకొలాఫ్ గ్లూకోజు లాంటి పదార్థానికి రేడియోధార్మిక గుర్తు తగిలించి ఆ దారి చూపారు. 1976లో ఫిలడెల్ఫియాలో అలాంటి పదార్థాన్ని తొలిసారి మనిషికి ఎక్కించారు. ఆ గుర్తు మెదడులో ఎక్కడ ఎంత పోగైందో చూపే పెట్ స్కాన్‌కు దారి పడింది.

అసలు ఖర్చు అక్కడే వచ్చిపడింది. పెట్‌లో వాడే ఫ్లోరిన్-18 రెండు గంటలు తిరక్కముందే సగమైపోతుంది. రక్త ప్రవాహం కొలిచే ఆక్సిజన్-15 అయితే రెండే నిమిషాలు. దాన్ని తయారుచేసే సైక్లోట్రాన్ అనే భారీ యంత్రం పక్క గదిలోనే ఉండాలి. అలాంటి హంగు ఉన్న ఆస్పత్రులు వేళ్లమీద లెక్కపెట్టేన్ని. అందుకే తొలినాటి డిప్రెషన్ చిత్రాలన్నీ పదిమందో ఇరవైమందో రోగులవే.

1990 జులైలో పెద్ద బుష్ ఆ దశాబ్దాన్ని ‘మెదడు దశాబ్దం’గా ప్రకటించారు. అదే ఏడాది బెల్ ల్యాబ్స్‌లో సెయిజీ ఒగావా రక్తంలోని ఆక్సిజన్ మార్పుల్ని ఎంఆర్ఐతో పట్టవచ్చని చూపారు. 1992కల్లా అది మనుషుల మీద పనిచేసింది. ఇంజెక్షన్ లేదు, రేడియేషన్ లేదు, సైక్లోట్రాన్ గొడవ అసలే లేదు. ఇక ప్రతి విశ్వవిద్యాలయం ఎఫ్ఎంఆర్ఐ అనే ఈ పద్ధతి బాట పట్టింది. అయినా యంత్రం అద్దె గంటకు వందల డాలర్లు. ఒక ల్యాబు, ఒక ప్రొఫెసరు, నాలుగైదేళ్ల గ్రాంటు. అందులోనే జీతాలు, అందులోనే స్కాన్ల ఖర్చు. ఆ బడ్జెట్‌లో పాతికమంది రోగులు, వారితో పోల్చడానికి పాతికమంది ఆరోగ్యవంతులు అంటే గొప్పే. ఒక్క స్కాన్ ఖర్చుతో ఎంతోమంది చేత ప్రశ్నావళి నింపించవచ్చు. కానీ పేపర్లో రంగుల మెదడు బొమ్మ పడితే వచ్చే గౌరవం ప్రశ్నావళికి రాదు.

ఆ రోజుల ఫలితాలు చూస్తే నిజంగానే ఒళ్లు జలదరిస్తుంది. 1997లో వేన్ డ్రెవెట్స్ బృందం ‘నేచర్’లో ఒక పరిశోధన ప్రచురించింది. నుదుటి వెనక, మెదడు రెండు అర్ధభాగాలూ కలిసే చోట ముందువైపు కింద ఉండే చిన్న ప్రాంతం, వంశంలో డిప్రెషన్ ఉన్న రోగుల్లో సగటున 48 శాతం కుంచించుకుపోయిందని చెప్పింది. దాదాపు సగం! నరాల వైద్యురాలు హెలెన్ మేబర్గ్ కూడా ఆ చోటే, మెదడు పటంలో 25వ అంకె వేసిన ప్రాంతం మీద, దృష్టి పెట్టారు. 2005లో టొరంటోలో ఏ మందుకూ లొంగని ఆరుగురు రోగుల మెదడులో అక్కడ ఎలక్ట్రోడ్లు పెట్టి విద్యుత్తు పంపితే నలుగురు తేరుకున్నారు. బొమ్మ చూసి చోటు గుర్తించి, అక్కడ వైద్యం చేసి మనిషిని లేపడమంటే మాటలా? ఒక పరికరాల కంపెనీ ముందుకొచ్చి 90 మందితో పెద్ద ట్రయల్ మొదలుపెట్టింది. కొన్ని నెలలు గడిచేసరికి, నిజంగా కరెంటు ఇచ్చినవారికీ ఇవ్వనివారికీ తేడా కనిపించక మధ్యలోనే ఆపేశారు. ఆ తర్వాత ఏళ్ల తరబడి పరికరంతో ఉన్నవారిలో చాలామంది మెరుగుపడ్డారన్నది వేరే సంగతి. దానికి మళ్లీ డబ్బు పెట్టేవాళ్లు కావాలి.

యాంగ్జైటీ సంగతి ఇంకొంచెం విచిత్రం. భయపడుతున్న ముఖాల ఫొటోలు చూపించి, మెదడులో భయానికి స్పందించే బాదంగింజంత అమిగ్డలా ఎంత ఉలిక్కిపడుతుందో కొలవడం రెండు దశాబ్దాలు ఈ రంగానికి కూడూగుడ్డా అయింది. ఆ పరీక్షకు పేరు తెచ్చినవారిలో అహ్మద్ హరీరీ ఒకరు. 2020లో ఆయన బృందమే పాత లెక్కలన్నీ పోగేసి, ఒకే మనిషిని కొన్నాళ్ల తర్వాత మళ్లీ స్కాన్ చేస్తే వచ్చే అంకె మొదటిదానితో సరిగా కలవడం లేదని ప్రకటించింది. బతుకు నిలబెట్టిన పరీక్షను తానే తప్పుపట్టిన మనిషిని ఈ కథలో నేను ఎక్కువగా గౌరవిస్తాను.

అనుమానాలు అంతకు పదేళ్ల ముందే మొదలయ్యాయి. 2009లో క్రెయిగ్ బెనెట్ బృందం చచ్చిన సాల్మన్ చేపను స్కానర్‌లో పెట్టి మనుషుల ఫొటోలు ‘చూపిస్తే’ దాని మెదడులోనూ చురుకుదనం కనిపించింది. లెక్క సరిగా సవరించకపోతే శవమూ ఆలోచిస్తుంది. 2013లో మరో బృందం చూస్తే, ఉన్న తేడాను పట్టుకునే సత్తా మెదడు నిర్మాణాన్ని కొలిచే స్కాన్ అధ్యయనాలకు సుమారు 8 శాతమే ఉన్నట్టు తేలింది. 2017లో డిప్రెషన్ మీద జరిగిన 99 ప్రయోగాలను ఒకచోట పేర్చి చూశారు. అవన్నీ ఒప్పుకునే చోటు మెదడులో ఒక్కటీ దొరకలేదు.

ఈ లోపు డబ్బు సంచి పట్టుకున్నవాళ్లు ఏం చేస్తున్నారు? 2002 నుంచి 2015 వరకు ఎన్ఐఎంహెచ్‌ను నడిపిన థామస్ ఇన్సెల్ 2013లో, అమెరికన్ సైకియాట్రిస్టుల కొత్త రోగాల పట్టిక విడుదలకు కొద్ది రోజుల ముందు, ఇకపై తమ పరిశోధన ఆ పట్టికలోని పేర్లను పట్టుకుని నడవదని చెప్పేశారు. డిప్రెషన్ అన్న పేరు కింద పది రకాల జబ్బులు ఉండొచ్చు, మెదడు సర్క్యూట్ల నుంచి మొదలుపెడదాం అన్నది ఆయన వాదం. వాదంలో పస ఉంది. కానీ పదవి దిగాక, 2017లో ‘వైర్డ్’ పత్రికతో ఆయనే అన్న మాట రంగాన్ని కుదిపింది. పదమూడేళ్లలో సుమారు 2,000 కోట్ల డాలర్లు ఖర్చుపెట్టాం, గొప్ప పేపర్లు వచ్చాయి, ఆత్మహత్యలు గానీ ఆస్పత్రి చేరికలు గానీ తగ్గించలేకపోయాం అని. ఆ మొత్తం స్కాన్లకే పోలేదు, జన్యుశాస్త్రం వగైరాలూ అందులో ఉన్నాయి. విమర్శకులు ఈ ముక్క తరచూ మింగేస్తారు.

చిల్లర పోగేసి నోటు చేసే ప్రయత్నం ఆలస్యంగానైనా జరిగింది. ఎనిగ్మా అనే కూటమి దేశదేశాల ల్యాబుల స్కాన్లను కలిపింది. 2016లో 1,728 మంది డిప్రెషన్ రోగులనూ 7,199 మంది ఆరోగ్యవంతులనూ పోల్చి చూస్తే, జ్ఞాపకాలకు ఆయువుపట్టయిన హిప్పోకాంపస్ రోగుల్లో సగటున సుమారు ఒక శాతం చిన్నదిగా కనిపించింది. డ్రెవెట్స్ కొలిచింది వేరే ప్రాంతం, వేరే రకం రోగులు. అయినా 48 ఎక్కడ, 1 ఎక్కడ! అంత చిన్న సగటు తేడాతో ఎదురుగా కూర్చున్న ఒక్క మనిషి గురించి ఏమీ చెప్పలేం. 2022లో ‘నేచర్’లో స్కాట్ మారెక్ బృందం సుమారు 50,000 మంది స్కాన్లతో లెక్కకట్టి, మెదడు చిత్రానికీ మానసిక లక్షణానికీ లంకె నమ్మకంగా పట్టాలంటే వేలమంది కావాలంది. అప్పటిదాకా రంగంలో మామూలుగా నడిచిన సంఖ్య 25. బ్రిటన్‌లో లక్షలమంది ఆరోగ్య వివరాలు సేకరించే యూకే బయోబ్యాంక్‌కు 2016లో 4.3 కోట్ల పౌండ్లు ఇచ్చి, లక్షమందిని స్కాన్ చేయమన్నారు. 2025లో ఆ లక్ష పూర్తయింది.

సరిగ్గా ఆ ఏళ్లలోనే అమెరికాలో కుళాయి బిగించారు. 2013లో ఒబామా ప్రకటించిన బ్రెయిన్ ఇనిషియేటివ్ అనే మెదడు పరిశోధన పథకానికి 2023లో 68 కోట్ల డాలర్లు దక్కాయి. మరుసటి ఏడాది 40.2 కోట్లు, 2025లో 32.1 కోట్లు. కక్షతో కోసింది కూడా కాదు. 2016 నాటి ఒక చట్టం పదేళ్ల నిధికి ఏ ఏడాది ఎంతో ముందే రాసిపెట్టింది. ఆ పద్దు తగ్గే ఏళ్లు వచ్చినప్పుడు మామూలు బడ్జెట్ నుంచి ఆ లోటు పూడ్చలేదు, అంతే.

మన వైపు చూస్తే, హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో జయంతి శివస్వామి బృందం 2019లో వందమంది భారతీయుల స్కాన్లతో ఒక మెదడు అట్లాస్ తయారుచేసింది. ప్రపంచమంతా కొలబద్దగా వాడే మాంట్రియల్ నమూనా కంటే మన మెదళ్లు సగటున చిన్నవని అందులో తేలింది. తెలివికీ దీనికీ సంబంధం లేదు, కొలబద్దతో పేచీ అంతే. ఒక శాతం తేడా కోసం వెతికే చోట ఆ పేచీ చిన్నది కాదు. బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ నడిపించిన, భారత్, బ్రిటన్ కలిసి నిధులిచ్చిన సీ-వేదా అధ్యయనం సుమారు తొమ్మిది వేల మంది పిల్లల్నీ యువతనీ చేర్చుకుంది. దాని ఏడు కేంద్రాల్లో మదనపల్లె దగ్గరి రిషి వ్యాలీ ఒకటి. నిమ్హాన్స్‌దే 2015–16 నాటి జాతీయ మానసిక ఆరోగ్య సర్వే. మానసిక సమస్య ఉన్న పదిమందిలో ఎనిమిదిమందికి పైగా చికిత్స అందడం లేదని చెప్పింది అదే. ఆ సర్వే జరిగిన 12 రాష్ట్రాల జాబితాలో ఆంధ్రప్రదేశ్ గానీ తెలంగాణ గానీ లేవు.