వరి ఎండాకు తెగులు వెనక జన్యువుల కథ

వరి చిరుపొట్ట మీద ఉండగా గాలీవానా కొట్టి, రెండు మూడు రోజులు మబ్బు పట్టిందంటే ఎండాకు తెగులు టెన్షన్ మొదలవుతుంది. ఆకు కొన దగ్గర మొదలై అంచుల వెంట వంకరటింకరగా పసుపు దిగుతుంది, తర్వాత ఆ భాగమంతా ఎండుగడ్డి రంగుకు తిరుగుతుంది. పొద్దున్నే వెళ్లి చూస్తే మచ్చల మీద పాల రంగు బొట్లు ఉంటాయి, ఎండెక్కేసరికి అవే పసుపు రంగులో గట్టిపడి రాలిపోతాయి. ఇది ఆ తెగులేనా అని అనుమానం ఉంటే తెగులు ఆకును మచ్చ అంచు దగ్గర కోసి, గాజు గ్లాసులో మంచినీళ్లు పోసి అందులో నిలబెట్టండి. కాసేపటికి కోసిన చోటు నుంచి తెల్లటి పొగలాంటి ధార కిందికి జారుతుంది. అదంతా బాక్టీరియానే. దాని పేరు జాంథోమోనాస్ ఒరైజే.

దీనికి గట్టి మందు లేదంటే రైతుకు కోపం రావడం సహజం. కానీ ఉన్నమాట అదే. యాంటీబయాటిక్ పొడి, కాపర్ మందు కలిపి కొట్టినా పెద్దగా ఫలితం ఉండదు, ఎందుకంటే ఈ సూక్ష్మజీవి ఆకు పైన కాదు, లోపల, వేరు నుంచి నీళ్లు మోసుకొచ్చే నాళాల్లో ఉంటుంది, కొట్టిన మందు అక్కడిదాకా సరిగా చేరదు. యూరియా ఆపడం, చేలో నీళ్లు తీసేయడం కొంత పనిచేస్తాయి. అంతకు మించి కావాలంటే విత్తనంలోనే తట్టుకునే గుణం ఉండాలి. ఆ గుణం ఎలా దొరికిందో చెప్పాలంటే చాలా వెనక్కి వెళ్లాలి.

ఈ తెగులును 1884లో జపాన్‌లోని ఫుకువోకా ప్రాంతంలో రైతులు మొదట గుర్తించారు. నేల పులుపెక్కడం వల్ల వచ్చిందని అప్పట్లో అనుకున్నారు, బాక్టీరియా అని తేలడానికి 20వ శతాబ్దం రావాల్సి వచ్చింది. అది వాళ్ల తప్పు కూడా కాదు, అసలు మొక్కలకు బాక్టీరియా వల్ల జబ్బు వస్తుందా రాదా అని 1890ల చివర్లో కూడా జర్మనీలో ఆల్ఫ్రెడ్ ఫిషర్, అమెరికాలో ఎర్విన్ స్మిత్ పత్రికల్లో కొట్లాడుకుంటూనే ఉన్నారు. మన దేశంలో దీన్ని 1951లో మహారాష్ట్రలో చూశారు. 1963లో బిహార్‌లో పెద్ద ఎత్తున విరుచుకుపడింది. ఆ తర్వాత పొట్టి రకాలు, వాటితోపాటు యూరియా వచ్చాయి. తైచుంగ్ నేటివ్ 1, ఐఆర్ 8 దిగుబడి బాగా ఇచ్చాయి కానీ ఈ తెగులుకు ఇట్టే లొంగిపోయాయి.

మనకు ఇక్కడే దగ్గరి సంబంధం ఉంది. బాపట్ల పరిశోధన కేంద్రం నుంచి 1986లో విడుదలైన బీపీటీ 5204, అదే మన సాంబ మసూరి, జీఈబీ 24, తైచుంగ్ నేటివ్ 1, మసూరి రకాల కలయిక. సన్న గింజ, మంచి అన్నం, మంచి ధర. తెగులు సోకిందంటే మాత్రం నిలబడలేదు.

ఇక ల్యాబుల్లో ఏం జరిగిందో చూద్దాం. బాక్టీరియా జబ్బు ఎలా తెస్తుందన్న ప్రశ్నకు జన్యువుల స్థాయిలో జవాబు 1980ల్లోనే దొరకడం మొదలైంది. 1986లో చిక్కుడు జాతి పంటల మీద బతికే వేరే బాక్టీరియాలో కొన్ని జన్యువుల్ని చెడగొట్టి చూశారు. చూస్తే దానికి జబ్బు తెచ్చే శక్తే పోయింది. తర్వాత తేలింది ఏంటంటే, ఆ జన్యువులు కలిసి సూదిలాంటి ఒక నిర్మాణాన్ని తయారుచేస్తాయి, బాక్టీరియా దాని గుండా తన ప్రొటీన్లను నేరుగా మొక్క కణంలోకి ఎక్కిస్తుంది. వరి తెగులు బాక్టీరియాకూ ఇదే ఆయుధం. హైదరాబాద్‌లోని కణ, అణు జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీలో రమేశ్ సోంటి బృందం ఇందులో ఒక ముఖ్యమైన మెలిక పట్టుకుంది. బాక్టీరియా ముందు కణం గోడను కరిగించే ఎంజైములు వదులుతుంది, ఆ దెబ్బను పసిగట్టి వరి తిరగబడుతుంది, ఆ తిరుగుబాటును అణచడానికే సూదితో ఎక్కించే ప్రొటీన్లలో కొన్ని పనిచేస్తాయి. అంటే గోడ పగలగొట్టే పనిముట్టే దాన్ని పట్టిస్తుంది కాబట్టి, ఆ గోలను ఆపే పనిముట్టు కూడా వెంట తెచ్చుకుంటుంది. వ్యాధి జన్యుశాస్త్రం మొత్తంలో నాకు బాగా నచ్చిన విషయం ఇదే.

మిగతా ప్రొటీన్లలో టాల్ అనే కుటుంబం ఉంది. ఇవి కణ కేంద్రకంలోకి వెళ్లి, వరి డీఎన్‌ఏ మీద ఒక నిర్దిష్టమైన చోట కూర్చుని, ఆ పక్కనున్న వరి జన్యువును ఆన్ చేస్తాయి. వీటిలో సుమారు 34 అమైనో ఆమ్లాల ముక్క మళ్లీ మళ్లీ వస్తుంది, ఒక్కో ముక్కలో 12, 13 స్థానాల్లో ఏముందో దాన్నిబట్టి డీఎన్‌ఏలో ఏ అక్షరాన్ని పట్టుకుంటుందో తేలుతుంది. ఈ కోడ్‌ను 2009లో రెండు బృందాలు విడివిడిగా ఛేదించాయి. ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన ఒక బాక్టీరియా రకంలో ఇలాంటి జన్యువులు ఏకంగా 19 ఉన్నాయి.

ఇంతకీ అవి ఆన్ చేసేది దేన్ని? స్వీట్ అనే జన్యువుల్ని. కణంలోంచి చక్కెరను బయటికి పంపే ద్వారాలు ఇవి. ఇల్లు దోచుకునే దొంగ తాళం పగలగొట్టకుండా ఇంటాయన చేతే వడ్లకొట్టు తీయించినట్టు, బాక్టీరియా వరి చేతే చక్కెర బయటికి పోయించుకుంటుంది. ఇవి చక్కెర ద్వారాలని 2010లో స్పష్టమైంది.

తట్టుకునే జన్యువుల వేట దీనికి సమాంతరంగా నడిచింది. ఆఫ్రికాలోని మాలీ దేశపు అడవి వరి ఈ తెగులును గట్టిగా తట్టుకుంటుందని 1970ల్లో మన శాస్త్రవేత్తలు గమనించారు. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థలో గురుదేవ్ ఖుష్ బృందం ఆ గుణాన్ని సాగు వరిలోకి తెచ్చింది. ఆ జన్యువు ఎక్స్‌ఏ21. దాన్ని 1995లో పమేలా రోనాల్డ్ బృందం వేరుచేసింది. కణం పైన కూర్చుని బాక్టీరియాను పసిగట్టే ప్రొటీన్ అది. దేన్ని పసిగడుతుందన్నది తేలడానికి మాత్రం మరో 20 ఏళ్లు పట్టింది. ముందు ఒక జవాబు ప్రకటించారు, బాక్టీరియా నమూనాల లేబుళ్లలో పొరపాటు కనపడగానే 2013లో ఆ పేపర్లను వాళ్లే వెనక్కి తీసుకున్నారు, 2015లో సరైన ప్రొటీన్‌ను చూపించారు. సైన్స్‌లో ఇది చిన్న ధైర్యం కాదు.

ఒక్క జన్యువును నమ్ముకుంటే ఏమవుతుందో అప్పటికే అనుభవం ఉంది. ఎక్స్‌ఏ4 అనే మరో తట్టుకునే జన్యువు ఉన్న రకాలను ఫిలిప్పీన్స్‌లో విస్తారంగా వేశాక, దాన్ని దాటగల బాక్టీరియా రకం అక్కడ పైచేయి సాధించింది. అందుకే హైదరాబాద్‌లో సీసీఎంబీ, వరి పరిశోధన సంచాలనాలయం కలిసి సాంబ మసూరిలోకి మూడింటిని ఒకేసారి తెచ్చాయి: ఎక్స్‌ఏ21, ఎక్స్‌ఏ13, ఎక్స్‌ఏ5. చివరి రెండూ అంతర్గతం, అంటే తల్లి వైపు నుంచీ తండ్రి వైపు నుంచీ వస్తేనే గుణం కనపడుతుంది. పైగా తెగులును పరీక్షించే పద్ధతి ఏంటంటే బాక్టీరియా కలిపిన నీళ్లలో కత్తెర ముంచి ఆకు కొన కత్తిరించి, సుమారు రెండు వారాలయ్యాక మచ్చ ఎంత పొడవు దిగిందో కొలవడం. ఎక్స్‌ఏ21 ఒక్కటి ఉన్నా మచ్చ ఆగిపోతుంది, కాబట్టి మిగతా రెండూ ఉన్నాయో లేదో కంటికి తెలియదు. ఏ మొక్కలో ఏ జన్యువు ఉందో చూపించే డీఎన్‌ఏ గుర్తులతో, అంటే మార్కర్లతో, చూసుకుంటూ, మళ్లీ మళ్లీ సాంబ మసూరితోనే సంకరం చేస్తూ పోయారు. ఆ రకం 2008లో ఇంప్రూవ్డ్ సాంబ మసూరి, ఆర్‌పీ బయో 226 పేరుతో విడుదలైంది. ఇది జన్యుమార్పిడి పంట కాదు, మామూలు సంకరమే. ఈ మాట ఇంకా చాలామందికి తెలియదు, అందుకే గట్టిగా చెప్తున్నాను.

ఆశ్చర్యం ఎక్కడంటే, ఈ మూడూ పనిచేస్తాయని ముందు తెలిసింది, ఎందుకు పనిచేస్తాయో పూర్తిగా తర్వాత అర్థమైంది. ఎక్స్‌ఏ13 అంటే ఒక స్వీట్ జన్యువు ముందున్న స్విచ్‌లో మార్పు, దాంతో టాల్ ప్రొటీన్‌కు అక్కడ పట్టు దొరకదు. ఆ ద్వారం వరికి పుప్పొడి తయారీలో అవసరం, కాబట్టి దాన్ని మొత్తం మూసేస్తే తాలు గింజలు పడతాయి, స్విచ్ మాత్రమే మారడం వల్ల ఆ ఇబ్బంది తప్పింది. ఎక్స్‌ఏ5లో మారింది మరొకటి, జన్యువుల్ని ఆన్ చేసే యంత్రాంగంలో టాల్ ప్రొటీన్లు ఆసరాగా పట్టుకునే ఒక భాగం. మూడూ మూడు వేరువేరు చోట్ల అడ్డుపడతాయి కాబట్టే కలిస్తే బలం.

ఇప్పుడు స్విచ్‌లను ల్యాబులోనే దిద్దుతున్నారు. 2012లో మొదటి ప్రయత్నానికి వాడిన, డీఎన్‌ఏను కోసే కత్తెర ఆ టాల్ ప్రొటీన్ల నుంచి తయారైనదే. 2019లో మూడు స్వీట్ జన్యువుల స్విచ్‌లను క్రిస్పర్ అనే మరో డీఎన్‌ఏ కత్తెరతో మార్చిన వరిని చూపించారు. అదే ఏడాది టాంజానియా పొలాల్లో తెగులు విరుచుకుపడితే, ఆ బాక్టీరియా ఆఫ్రికాది కాదు, ఆసియా జాతి అని జన్యువులు చదివి తేల్చారు. దానికి సరిపోయేలా తూర్పు ఆఫ్రికాలో పండించే కొంబోకా అనే రకంలో స్విచ్‌లు దిద్దారు. బాక్టీరియా దగ్గర ఏ టాల్ ప్రొటీన్ ఉందో చూసి, ఏ స్విచ్ మార్చాలో నిర్ణయించుకోవడం ఇప్పుడు సాధ్యమే. ఆ లెక్కన మన కృష్ణా, గోదావరి డెల్టాల్లో, తెలంగాణ వరి జిల్లాల్లో తిరుగుతున్న బాక్టీరియా రకాలను ఏటా సేకరించి చదవడం కూడా వంగడం తయారీ అంత అవసరమైన పని. ఎక్స్‌ఏ4 విషయంలో బాక్టీరియా రకం మారిన సంగతి చేలు ఎండాకే బయటపడింది.