న్యూరాన్ వట్టి కూడిక యంత్రమా?

కృత్రిమ మేధ మీద చర్చ వేడెక్కిన ప్రతిసారీ ఒక పాత తగవు మళ్లీ లేస్తుంది. మెదడులోని న్యూరాన్ (నాడీకణం) అంటే, వచ్చిన సంకేతాలను బరువులతో, అంటే ఒక్కోదాని ప్రాధాన్యం చెప్పే అంకెలతో, గుణించి కూడే సూత్రమేనా? న్యూరాన్‌ను లెక్కల సూత్రంగా చూపిన 1943 నాటి మెక్‌కల్లక్, పిట్స్ నమూనా అందరికీ తెలిసిందే, దాన్ని వదిలేద్దాం. నా లెక్కలో అసలు మలుపు 1996–97లో, న్యూరాన్ గుమ్మంలో, అంటే ఒక న్యూరాన్ నుంచి మరోదానికి రసాయనాల ద్వారా సంకేతం దాటే సినాప్స్ అనే సంధి దగ్గర జరిగింది.

అప్పటిదాకా నమూనాల్లో సినాప్స్ బరువు చాలావరకు స్థిరమైన అంకె. నాడీశాస్త్ర పరిశోధకులు మార్క్‌రమ్, సోడిక్స్ ఒకవైపు, ఆబట్ బృందం మరోవైపు ఆ అంకెకు నిలకడ లేదని చూపారు. కార్టెక్స్‌లోని (మెదడు పైపొరలోని) చాలా సినాప్స్‌లు స్పైక్‌లు, అంటే న్యూరాన్ పంపే చిన్న విద్యుత్ తాకిళ్లు, వెంటవెంటనే వస్తే అలసిపోతాయి. విడుదలకు సిద్ధంగా ఉన్న రసాయనపు నిల్వ తరిగి, ఒక్కో స్పైక్ ప్రభావం పడిపోతుంది. స్పైక్‌లు వచ్చే వేగం ఒక హద్దు దాటాక ఒక్కో స్పైక్ ప్రభావం ఆ వేగానికి విలోమంగా ఉంటుంది: వేగం రెట్టింపైతే ప్రభావం సగమవుతుంది. కాబట్టి సెకనుకు 50 స్పైక్‌లు వచ్చినా 100 వచ్చినా, కాస్త కుదురుకున్నాక అవతలి కణానికి ముట్టేది దాదాపు ఒకటే.

మరి ఏ కబురు చేరుతున్నట్టు? మార్పు. వేగం 20 నుంచి 30కి పెరిగినా, 60 నుంచి 90కి పెరిగినా ఆ క్షణంలో తగిలే తాకిడి ఇంచుమించు సమానం; రెండు చోట్లా పెరిగింది సగం వంతే కదా. ఇంకో విడ్డూరం: కొన్ని సినాప్స్‌లు ఇందుకు విరుద్ధంగా, స్పైక్‌లు వచ్చేకొద్దీ బలపడతాయి. ఒకే న్యూరాన్ పంపిన ఒకే వరస ఒక కణానికి హెచ్చుతూ, మరో కణానికి తగ్గుతూ అందవచ్చు.

1995లో మెయినెన్, సెజ్నౌస్కీ చేసిన ప్రయోగం ఈ వెలుగులోనే నాకు అర్థమైంది. కార్టెక్స్ న్యూరాన్‌లోకి స్థిరమైన కరెంటు పంపితే స్పైక్‌ల వేళలు ప్రతిసారీ చెదిరాయి. ఎగుడుదిగుడు కరెంటును మళ్లీ మళ్లీ అలాగే పంపితే మిల్లీసెకను లోపు తేడాతో అదే వేళకు వచ్చాయి. మారే సినాప్స్ అందించేది ఎగుడుదిగుడే.

స్పైక్‌ల వేళల్లోని చెదురు వట్టి రొదేనని, వందో ఎన్నో కణాల సగటు చాలునని పరిశోధకులు షాడ్లెన్, న్యూసమ్ వాదించారు. నెమ్మదిగా మారే సంకేతాలకు అది సరిపోతుంది.

ఇప్పుడు అందరూ ఉదహరిస్తున్నది 2021 నాటి బెనియాగెవ్, సెగెవ్, లండన్ పత్రం. కార్టెక్స్‌లో ఉండే ఒక పిరమిడ్ ఆకారపు న్యూరాన్‌ను (సజీవ కణం కాదు, దాని కంప్యూటర్ నమూనా) అనుకరించడానికి 5 నుంచి 8 పొరల కృత్రిమ న్యూరాన్ల నెట్‌వర్క్ కావలసి వచ్చింది. ఆ అంకె బాగా ప్రచారమైంది. ఆ నమూనాలోంచి ఎన్‌ఎండీఏ గ్రాహకాలను (రసాయన సంకేతాన్ని అందుకునే ఒక రకం ప్రొటీన్లను) తీసేస్తే ఒక్క లోపలి పొరే చాలిందన్న సంగతి మాత్రం మరుగున పడింది. ఆ గ్రాహకాలు ఉండేదీ సినాప్స్‌లోనే.