పదో తరగతి శాతం, మూడో తరగతి చదువు

తిరుపతి, చిత్తూరు జిల్లాల ప్రభుత్వ బడులు బాగున్నాయా లేదా అన్న వాదన మళ్లీ రాజుకుంది. ఎప్పటిలాగే ఇరుపక్షాల చేతిలోనూ ఉన్నది పదో తరగతి ఉత్తీర్ణత శాతమే. జిల్లా స్థానం దిగజారితే హెచ్‌ఎంలకు సంజాయిషీ నోటీసులు, ఎగబాకితే సన్మానాలు. బడులను బాగుచేసే నాడు-నేడు పనులు, ఇంగ్లిష్ మీడియం గొడవ పాఠకులకు తెలిసినవే కాబట్టి వాటి జోలికి పోవడం లేదు. నేటి తగాదాకు మూలం 2022 జూన్‌లోని ఒక వారంలో ఉంది.

ఆ జూన్ 6న పదో తరగతి ఫలితాలు వచ్చాయి. రాష్ట్రవ్యాప్తంగా పాసైనవారు 67.26 శాతం. రెండు లక్షల మందికి పైగా తప్పారు. కోవిడ్ వల్ల 2020, 2021లో పరీక్షలే లేకుండా అందరినీ పాస్ చేశారు. అంతకుముందు చివరిసారి, 2019లో, శాతం 94.88. ఒక్కసారిగా అంత పడిపోయేసరికి రాష్ట్రమంతా గగ్గోలు పెట్టింది. నాలుగు రోజుల తర్వాత, జూన్ 10న, ప్రాథమిక బడుల నుంచి 3, 4, 5 తరగతులను తరలించే జీవో 117 వచ్చింది. ఉపాధ్యాయ సంఘాలు దాని మీద రోడ్డెక్కాయి గానీ, ఫలితాల హోరులో ఆ ఉత్తర్వు చిన్నపిల్లల చదువును ఏం చేయబోతోందన్న ప్రశ్న వెనక్కి పోయింది.

శాతం మీద ఈ మోజు మన జిల్లాకు ఎలా పట్టిందో తెలియాలంటే 2017కు వెళ్లాలి. ఆ ఏడాది రాష్ట్ర సగటు 91.92 కాగా, ఉమ్మడి చిత్తూరు 80.55 శాతంతో పదమూడు జిల్లాల్లో చివరన నిలిచింది. నిరంతర సమగ్ర మూల్యాంకనం పేరిట సబ్జెక్టుకు 20 అంతర్గత మార్కులు పదో తరగతి ఫలితాల్లో కలవడం మొదలైన ఏడాది కూడా అదే. ఆ 20 మార్కులు వేసేది బడే. ప్రైవేటు బడులు అడ్డూ అదుపూ లేకుండా వేసుకుంటున్నాయన్న ఫిర్యాదులతో 2019-20 నుంచి వాటిని ఎత్తేశారు. అంటే 2019 నాటి 94.88ని, 2022 నాటి 67.26ని కొలిచిన కొలమానం ఒకటి కాదు. అయినా ఇప్పటికీ ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి మాట్లాడుతూనే ఉన్నారు.

జిల్లా శాతంలో ఇంకో తిరకాసు ఉంది. జిల్లా పరిషత్, మున్సిపల్ బడులతో పాటు ప్రైవేటు బడులూ, ప్రవేశ పరీక్ష పెట్టి పిల్లలను ఎంచుకునే గురుకులాలూ అందులో కలిసే ఉంటాయి. కుప్పం, నగరి, సత్యవేడు వైపు ఇంట్లో తమిళమో కన్నడమో మాట్లాడే పిల్లలు ఎందరో ఉన్నారు. వచ్చిన ప్రతి పిల్లవాడినీ చేర్చుకునే బడినీ, వడపోసి తీసుకునే బడినీ ఒకే అంకెలో కలిపేసి, సంజాయిషీ మాత్రం మొదటి బడి హెచ్‌ఎంనే అడగడం అన్యాయం. శాతమే సర్వస్వమైన చోట ఏం జరుగుతుందో 2022 ఏప్రిల్ 27న చూశాం. పరీక్షల తొలిరోజే చిత్తూరు జిల్లాలో తెలుగు ప్రశ్నపత్రం వాట్సాప్‌లోకి ఎక్కింది.

జీవో 117 ఏం చేసిందంటే, కిలోమీటరు లోపు ఉన్న ప్రాథమిక పాఠశాలల నుంచి 3, 4, 5 తరగతులను ఉన్నత పాఠశాలలకు తరలించింది. మూడో తరగతి నుంచే సబ్జెక్టు టీచర్లు దొరుకుతారని, జాతీయ విద్యా విధానం చెప్పిన దారి ఇదేనని అధికారులు వాదించారు.

ప్రాథమిక పాఠశాలల ఉపాధ్యాయులు చెప్పింది వేరు. మూడో తరగతి పిల్లవాడికి కావలసింది గంటకొకరు మారే సబ్జెక్టు నిపుణులు కాదు. గుణింతం దగ్గర ఆగినవాడిని, వాక్యం దగ్గర తడబడినవాడిని రోజంతా గమనించే ఒక్క టీచరు. ప్రాథమిక తరగతులు చెప్పే ఎస్‌జీటీల (సెకండరీ గ్రేడ్ టీచర్ల) శిక్షణ అందుకోసమే. స్కూల్ అసిస్టెంట్లు తయారైంది పై తరగతుల కోసం. ఇటు పాత బడిలో ఒకటి, రెండు తరగతులే మిగిలాయి. విద్యాహక్కు చట్టం 60 మంది లోపు పిల్లలున్నా ఇద్దరు టీచర్లు ఉండాలంటుంది. జీవో లెక్కలో 30 మంది లోపు ఉంటే ఒక్కరే సరిపోతారన్నారు. ఆ టీచరు సెలవు పెడితే చదువు లేనట్టే అయ్యేది. ఎనిమిదేళ్ల పిల్లను రోడ్డు దాటించి అంత దూరం పంపేకన్నా, ఇంటి ముందుకొచ్చే ప్రైవేటు బడి బస్సే మేలనుకున్న తల్లులను తప్పుపట్టలేం.

అదే ఏడాది గ్రామాల్లో జరిగిన అసర్ (వార్షిక విద్యా స్థితి నివేదిక) సర్వే పదో తరగతి శాతం చూపలేనిది చూపింది. ఆ సర్వే పిల్లలను పరీక్షించేది బడిలో కాదు, ఇంటి దగ్గర. పిల్లల చేతికి రెండో తరగతి పాఠం ఇచ్చి చదవమంటుంది. ఆంధ్రప్రదేశ్‌లో ఆ పాఠాన్ని చదవగలిగిన మూడో తరగతి పిల్లలు 2018లో 22.6 శాతం ఉండగా, 2022లో 10.3 శాతమే. ఇందులో ప్రైవేటు బడుల పిల్లలూ ఉన్నారు. ఈ పతనం కోవిడ్ మూసివేతలది, దాన్ని జీవో మీదికి నెట్టలేం. అయితే సరిగ్గా ఆ పిల్లలు చదువులో కోలుకోవలసిన ఏడాదే వాళ్ల బడి మార్చారు, టీచరును మార్చారు. పదో తరగతిలో తప్పడం మొదలయ్యేది అక్కడే. చివరి నెలల్లో పెట్టే ప్రత్యేక తరగతులు ఏడేళ్ల లోటును పూడ్చలేవు.

2025లో ప్రభుత్వం జీవో 117ను రద్దు చేసి, తరగతికో టీచరు ఉండే మోడల్ ప్రైమరీ స్కూళ్లను తెచ్చింది. మంచిదే. కానీ కొలత మాత్రం ఇప్పటికీ పదో తరగతి శాతమే. చిన్న తరగతులను కొలిచే జాతీయ సర్వేలతోనూ పోల్చి చూడలేం. 2021 నవంబరు జాతీయ సాధన సర్వేలో 3, 5, 8, 10 తరగతులను పరీక్షించారు. అప్పటికి చిత్తూరు ఉమ్మడి జిల్లా. 2024 డిసెంబరులో పరఖ్ పేరుతో 3, 6, 9 తరగతులను పరీక్షించే నాటికి తిరుపతి వేరే జిల్లా, అందులోకి నెల్లూరు నుంచి గూడూరు, సూళ్లూరుపేట వచ్చి చేరాయి. రెండు సర్వేల్లోనూ ఉన్నది మూడో తరగతి ఒక్కటే, పక్కపక్కన పెట్టి చూద్దామంటే ఆ ఉమ్మడి జిల్లానే లేదు. అందుకే బడికొక లెక్క కావాలి. ప్రతి మండల పరిషత్ ప్రాథమిక పాఠశాలలో మూడో తరగతి పిల్లలెందరు పాఠం చదవగలుగుతున్నారో ఏటా తల్లిదండ్రుల కమిటీ ముందు పెట్టాలి.

2022లో మూడో తరగతిలో చేరిన పిల్లలు పదో తరగతి పరీక్ష రాసేది 2030లో. ఇప్పుడు వాళ్లు ఎక్కడున్నారో కొలవకుండా, ఆ ఏడాది శాతం తగ్గిందని అప్పటి హెచ్‌ఎంకు నోటీసు ఇవ్వడానికి ఎవరికీ హక్కు ఉండదు.