ఆ కోటును ఉతకకండి: చేతికుట్టు రీఎనాక్ట్‌మెంట్ బట్టలపై అపోహలు - వాస్తవాలు

"పంపేముందు శుభ్రంగా ఉతికామండీ" అని ఫోన్‌లో వినగానే నా గుండె గుభేలుమంటుంది. రీఎనాక్ట్‌మెంట్ అంటే పాతకాలపు వేషాలు కట్టి చరిత్ర ఘట్టాలను మళ్లీ ఆడి చూపడం. అందులో వాడిన బట్టలు, కంబళ్లు కొని, బాగుచేసి, మళ్లీ అమ్మడం నా పని. మాసింది ఎవరు కొంటారన్న భయంతో మంచి సరుకును చేతులారా పాడుచేసుకున్నవాళ్లను చాలామందిని చూశాను.

అపోహ: ఉతికితేనే ధర పలుకుతుంది.

వాస్తవం: ఉన్ని పోగు మీద సన్నటి పొలుసులుంటాయి. తడి, వేడి, రాపిడి కలిశాయంటే అవి ఒకదాన్నొకటి పట్టుకుని బట్ట ముడుచుకుపోతుంది, దళసరెక్కుతుంది. ఆ తర్వాత ఎంత లాగినా మామూలు కాదు. కోటుకైతే ఇంకో తంటా. పైన ఉన్ని, లోపల లినెన్ లైనింగ్. పైది ముడుచుకున్నంతగా లోపలిది ముడుచుకోదు, భుజాలు వంకర్లు పోతాయి.

భర్త పోయాక ఒకావిడ ఆయన కోటు పంపారు. అమెరికా విప్లవ యుద్ధం నాటి సైనికుడి కోటుకు నకలు, కాజాలతో సహా చేతికుట్టే. మాసినది పంపడం మర్యాద కాదని మెషీన్‌లో వేశారట. పదేళ్ల పిల్లాడికి కూడా పట్టదు. ఆవిడను ఏమంటాను? నా మొదటి కంబళిని నేనూ అలాగే తగలేశాను, ఇప్పుడు దాని మీద మా కుక్క పడుకుంటోంది.

ఆ యుద్ధం నాటి కాలంలో మాత్రం ఉతికేది ఎక్కువగా ఒంటికి తగిలే లినెన్ చొక్కాలనే. ఉన్ని కోటును బ్రష్‌తో దులిపి గాలికి వేసేవారు. మీరూ అదే చేయండి. బురదను పూర్తిగా ఎండనిచ్చి దులపండి. పొగ వాసనకు నాలుగు రోజులు నీడలో ఆరేయండి. టెన్షన్ పడకండి, చలిమంట దగ్గర కూర్చునేవాళ్లకు ఆ వాసన కొత్తేం కాదు.

అపోహ: కలరా ఉండలు వేస్తే పురుగు పట్టదు.

వాస్తవం: గాలి చొరబడని పెట్టెలో అయితే సరే, మామూలు బీరువాలో వాసనే మిగులుతుంది. అది వదలదు, కొన్నవాళ్లు తిప్పి పంపేస్తారు. బట్ట కొరికేది ఎగిరే చిమ్మట కాదు, దాని పిల్లపురుగు. కంబళిని ప్లాస్టిక్ సంచిలో గట్టిగా కట్టి, మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్‌లో 2 వారాలు ఉంచండి. తీశాక చల్లదనం పూర్తిగా పోయేదాకా సంచి విప్పకండి, లేకపోతే తేమ పడుతుంది.

ఇక మిగతావి. పాయింట్ కంబళి (ఒకప్పుడు ఉత్తర అమెరికాలో తోళ్ల వ్యాపారులు అమ్మిన ఉన్ని కంబళి) అంచున ఉండే గీతలు ఎన్ని బీవర్ తోళ్లకు కొన్నారో చెబుతాయన్నది ఉత్త పుకారు, అవి కంబళి సైజుకు గుర్తు. లోపలి కుట్టు మిషన్‌ది అయితే దాచకండి. ఎలయాస్ హోవ్ కుట్టుమిషన్‌కు పేటెంట్ వచ్చిందే 1846లో, అంతకు ముందు కాలం వేషం కట్టేవాళ్లు కుట్టు తిరగేసి మరీ చూస్తారు. రీప్రొడక్షన్‌ను, అంటే ఈ కాలంలో కుట్టిన నకలును, అసలు పాతదని అమ్మడం మోసం. సైజు 40 అని రాసి వదిలేయకండి. భుజాలు, ఛాతీ, చేతి పొడవు టేపుతో కొలిచి, ఆ టేపు కనిపించేలా ఫోటో పెట్టండి.