ఉమ్మనీరు పరీక్ష: అపోహలు - వాస్తవాలు

విశాఖపట్నంలో గర్భస్థ శిశువుల స్కానింగులు, పరీక్షలు చూసే వైద్యురాలిని. ఉమ్మనీరు పరీక్ష (ఆమ్నియోసెంటెసిస్) అంటే తల్లి పొట్టలోంచి సన్నని సూది దించి, బిడ్డ చుట్టూ ఉండే నీరు కొంచెం తీసి, అందులోని బిడ్డ కణాల్లో క్రోమోజోములు, జన్యువులు చూడటం. గాజువాక, పెందుర్తి నుంచే కాదు, శ్రీకాకుళం, అనకాపల్లి వైపు నుంచి, పైన పాడేరు, అరకు నుంచి కూడా గర్భిణులు మా దగ్గరకు వస్తారు. చేతిలో మార్కర్ రిపోర్టు (బిడ్డకు డౌన్ సిండ్రోమ్ లాంటివి ఉండే అవకాశం ఎంతో లెక్కగట్టే రక్త పరీక్షది), దాని మీద ఎర్ర అక్షరాలు, వెంట ఇద్దరు ముగ్గురు పెద్దవాళ్లు. దారిలో ఎవరికి వారు ఏదో ఒక మాట విని వస్తారు. ఆ మాటల్లో తరచూ వినిపించేవాటికి ఇక్కడ జవాబు రాస్తున్నాను. ఒకటి మాత్రం ముందే చెబుతాను: సూదికి భయపడేవాళ్లను రోజూ చూస్తాను, తేదీలకు భయపడేవాళ్లు అరుదు. నా లెక్కలో భయపడాల్సింది రెండోదానికే.

అపోహ: రిపోర్టులో 'హై రిస్క్' వచ్చిందంటే బిడ్డకు డౌన్ సిండ్రోమ్ ఉన్నట్టే

ఉన్నట్టు కాదు. డౌన్ సిండ్రోమ్ అంటే బిడ్డలో 21వ క్రోమోజోము ఒకటి ఎక్కువ ఉండటం, దానివల్ల ఎదుగుదల, తెలివితేటలు మందగిస్తాయి. డబుల్ మార్కర్ (మూడో నెలలో చేసే రక్త పరీక్ష) రిపోర్టులో 1:180 అని ఉందనుకోండి. అదే వయసు, అవే స్కాన్ కొలతలు, అవే రక్త ఫలితాలు ఉన్న 180 మంది గర్భిణుల్లో ఒకరి బిడ్డకు డౌన్ సిండ్రోమ్ ఉండవచ్చని దాని అర్థం. మిగతా 179 మందికి ఉండదు. చాలా ల్యాబులు 1:250 దగ్గర ఒక గీత గీసి, అవకాశం అంతకంటే ఎక్కువగా కనిపిస్తే ఎర్రగా ముద్రిస్తాయి. ఎక్కడో ఒకచోట గీత గీయక తప్పదు కాబట్టి గీశారు, అంతే. 1:240 వచ్చిన అమ్మాయి ఏడుస్తూ వెళ్తుంది, 1:260 వచ్చిన అమ్మాయి దణ్ణం పెట్టుకుంటూ వెళ్తుంది. ఇద్దరి బిడ్డల మధ్య చెప్పుకోదగ్గ తేడా ఏమీ లేదు. ఆ ఎర్ర సిరా ఒక్కటి మానేస్తే మా ఓపీలో సగం కన్నీళ్లు తగ్గుతాయి.

రిపోర్టు చేతికి రాగానే మొదటి పేజీ చూడండి. పుట్టిన తేదీ, బరువు, స్కాన్ తేదీ, బిడ్డ పొడవు సరిగ్గా ఉన్నాయా? లెక్క మొత్తం వీటి మీదే నడుస్తుంది. ఆధార్ కార్డులో ఒక తేదీ, అమ్మ చెప్పే తేదీ ఇంకొకటి ఉన్నవాళ్లు మన దగ్గర కొల్లలు. బడిలో చేర్చేటప్పుడు వేసిన తేదీ అలాగే ఉండిపోతుంది. ముప్పై అయిదు దగ్గర ఒకటి రెండేళ్ల తేడా కూడా ఫలితాన్ని కదిలిస్తుంది. కాబట్టి ల్యాబులో అసలు వయసే చెప్పండి.

అపోహ: ముప్పై అయిదు దాటినవాళ్లకే ఈ పరీక్షలు

వయసుతో అవకాశం పెరగడం నిజమే. ఇరవై ఏళ్ల తల్లికి సుమారు 1,500లో ఒకటి, 35 ఏళ్లకు 350లో ఒకటి, 40 ఏళ్లకు 100లో ఒకటి. అయితే మన దగ్గర కాన్పుల్లో అత్యధికం ముప్పై అయిదు లోపు తల్లులవే. ఒక్కొక్కరికి అవకాశం తక్కువే అయినా వాళ్ల సంఖ్య పెద్దది. అందుకే డౌన్ సిండ్రోమ్‌తో పుట్టే పిల్లల్లో ఎక్కువమంది చిన్న వయసు తల్లుల పిల్లలే. స్క్రీనింగ్ ఏ వయసు వారికైనా అడగవచ్చు.

అపోహ: సూది బిడ్డకు గుచ్చుకుంటుంది, గర్భం పోతుంది

ఈ భయం కాస్త తీరిగ్గా మాట్లాడాల్సినది. ముందు స్కాన్‌లో బిడ్డ ఎటు ఉంది, మాయ ఎక్కడ ఉంది, ఉమ్మనీరు ఎక్కడ ఎక్కువగా ఉందో చూస్తాం. పొట్ట మీద చర్మాన్ని మందుతో తుడిచి, స్కాన్ ప్రోబ్ ఒక చేత్తో పట్టుకునే సూది దించుతాం. తెర మీద సూది మొన తెల్లని చుక్కలా మెరుస్తుంది. దాని మీద నుంచి చూపు తిప్పం. బిడ్డ అటు జరిగితే ఆగుతాం. మొదట వచ్చే ఒకటి రెండు మిల్లీలీటర్లు పక్కన పెట్టేస్తాం, అందులో తల్లి కణాలు కలిసే అవకాశం ఉంటుంది. తర్వాత వేరే సిరంజిలోకి 15 నుంచి 20 మిల్లీలీటర్లు తీస్తాం. లేత పసుపు నీరు. అదీ మొత్తం పరీక్ష. సూది లోపల ఉండేది ఒకటి రెండు నిమిషాలు. చాలామందికి మత్తు ఇంజెక్షన్ కూడా అవసరం పడదు. నెలసరి నొప్పి లాంటి పట్టు ఒకసారి వచ్చి పోతుంది. తీసిన నీరు బిడ్డ మూత్రంతోనే ఒకటి రెండు రోజుల్లో మళ్లీ నిండుతుంది. పరగడుపున రానక్కర్లేదు.

ఇక గర్భం పోవడం సంగతి. డెన్మార్క్‌లో 4,606 మంది మీద జరిగి 1986లో అచ్చయిన అధ్యయనం ఈ పరీక్ష వల్ల అదనంగా వందలో ఒక గర్భం పోతుందని చెప్పింది. ఇప్పటికీ చాలామంది నోట వినిపించేది ఆ అంకే. అప్పటి స్కాన్ యంత్రాలకూ ఇప్పటివాటికీ పోలిక లేదు. అలవాటున్న చేతుల్లో ఈ ప్రమాదం 0.5 శాతం కంటే తక్కువని ఇటీవలి అంచనాలు. సున్నా కాదు. సున్నా అని ఎవరైనా చెబితే నమ్మకండి. 15 వారాలు నిండకముందు చేస్తే ప్రమాదం పెరుగుతుంది, బిడ్డ పాదాలు వంకర తిరిగే అవకాశం కూడా ఉంది. కాబట్టి "త్వరగా చేసేయండి మేడం" అని బతిమాలినా చేయం. అంతకంటే ముందే తెలియాల్సిన అవసరం ఉంటే 11 నుంచి 14 వారాల మధ్య మాయ నుంచి చిన్న ముక్క తీసే పరీక్ష వేరే ఉంది.

ఇంటికి వెళ్లాక నెలంతా మంచం మీద ఉండాల్సిన పని లేదు. ఒకటి రెండు రోజులు బరువులెత్తకుండా ఉంటే చాలు. మొక్కు ఉందని మర్నాడే సింహాచలం మెట్లు ఎక్కనక్కర్లేదు, స్వామి ఆగుతాడు. జ్వరం, నీరు కారడం, రక్తస్రావం, తగ్గని నొప్పి ఉంటే మాత్రం అర్ధరాత్రయినా ఆసుపత్రికి రండి. మీ బ్లడ్ గ్రూపు నెగెటివ్, భర్తది పాజిటివ్ అయితే తల్లి ఒళ్లు బిడ్డ రక్తానికి ఎదురు తిరగకుండా ఆపే యాంటీ-డి ఇంజెక్షన్ 72 గంటల్లోపు అడిగి మరీ వేయించుకోండి.

అపోహ: ఖరీదైన రక్త పరీక్ష చేయించుకుంటే ఉమ్మనీరు అవసరమే లేదు

ఎన్ఐపీటీ గురించి అడుగుతున్నారు. పదో వారం తర్వాత తల్లి రక్తంలో తిరిగే డీఎన్ఏ ముక్కలను చూసే పరీక్ష అది. తల్లి రక్తంలో గర్భానికి చెందిన డీఎన్ఏ ఉంటుందని డెన్నిస్ లో (Dennis Lo) అనే శాస్త్రవేత్త బృందం 1997లో చూపించింది. మంచి పరీక్షే. డౌన్ సిండ్రోమ్‌ను 99 శాతానికి పైగా పట్టుకుంటుంది. కానీ ఆ డీఎన్ఏ వచ్చేది బిడ్డ నుంచి కాదు, మాయ నుంచి. మాయలో తేడా ఉండి బిడ్డలో లేకపోవచ్చు. అందుకే పాజిటివ్ వస్తే ఉమ్మనీటితో నిర్ధారించుకోకుండా ఏ నిర్ణయమూ తీసుకోకూడదు. ఎన్టీ స్కాన్‌లోనో (మూడో నెలలో బిడ్డ మెడ వెనక నీటి మందం చూసేది), టిఫా స్కాన్‌లోనో (ఐదో నెలలో అవయవాలన్నీ చూసేది) తేడా కనిపించినప్పుడు ఎన్ఐపీటీతో సరిపెట్టుకోవడం డబ్బూ సమయమూ రెండూ పోగొట్టుకోవడమే, నేరుగా ఉమ్మనీటికే వెళ్లాలి.

అపోహ: ఆడో మగో తెలుసుకోవడానికే ఈ పరీక్ష

ఈ అనుమానం ఊరికే పుట్టలేదు. 1970ల మధ్యలో మన దేశానికి వచ్చిన ఈ పరీక్షను ఆడపిల్లలను వదిలించుకోవడానికి బాహాటంగా వాడారు. 1988లో మహారాష్ట్ర, 1994లో పార్లమెంటు చట్టం చేయాల్సి వచ్చింది అందుకే. రాతపూర్వక అంగీకారం లేకుండా సూది ముట్టుకోం. లింగం నోటితో గాని, సైగతో గాని చెప్పకూడదు. చెప్పినవారికే కాదు, చెప్పమని అడిగిన కుటుంబానికీ శిక్ష ఉంది. "కనీసం చీర కొనాలా, చొక్కా కొనాలా చెప్పండి" అని నవ్వుతూ అడిగే అత్తగార్లకు నేను నవ్వకుండా జవాబు చెబుతాను.

అపోహ: మాది మేనరికం, అందుకే డౌన్ సిండ్రోమ్ వస్తుంది / మాది మేనరికం కాదు, మాకేమీ రాదు

రెండూ తప్పే. డౌన్ సిండ్రోమ్ చాలావరకు అండం తయారయ్యేటప్పుడు జరిగే పొరపాటు, దానికీ మేనరికానికీ సంబంధం లేదు. మేనరికంలో పెరిగేవి వేరు: తల్లీ తండ్రీ ఇద్దరూ ఒకే లోపం ఉన్న జన్యువును, తమకు ఏ జబ్బూ లేకుండానే, మోస్తూ బిడ్డకు అందించే జబ్బులు. తలసీమియా, సికిల్ సెల్ అనే రక్త జబ్బులు ఆ కోవలోవే. సికిల్ సెల్ మన ఏజెన్సీ గిరిజన గ్రామాల్లో ఉన్నదే. ఆ దంపతులది మేనరికం కాకపోయినా ఇద్దరూ వాహకులైతే చాలు, ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం 25 శాతం.

ఇక్కడే ఇంకో చిక్కు. "మొదటి బిడ్డకు వచ్చేసింది కదా, ఇక ముగ్గురి దాకా భయం లేదు" అంటారు. అలా కాదు. నాలుగు చీట్లున్న డబ్బాలోంచి ఒకటి తీసి, చూసి, మళ్లీ అందులోనే వేసి ఇంకోసారి తీస్తున్నట్టు. ప్రతిసారీ నాలుగూ అందులోనే ఉంటాయి. పైగా ఉమ్మనీరు తీస్తే అన్ని జబ్బులూ వాటంతట అవే బయటపడవు. తల్లిదండ్రుల జన్యువులో లోపం సరిగ్గా ఎక్కడ ఉందో ముందు తేలాలి, అప్పుడే బిడ్డలో దాన్ని వెతకగలం. ఆ మొదటి మెట్టుకే వారాలు పడుతుంది. కాబట్టి అలాంటి బిడ్డ ఇంట్లో ఉన్నవాళ్లు గర్భం వచ్చాక కాదు, రాకముందే రావాలి.

అపోహ: గ్రహణం రోజు కదిలితే మొర్రి వస్తుంది, ఉమ్మనీటిలో తెలిసిపోతుంది

గ్రహణానికీ మొర్రికీ సంబంధం లేదు. మొర్రి, గుండెలో రంధ్రం లాంటివి స్కాన్‌లో చూడాల్సినవి. ఉమ్మనీటిలో క్రోమోజోములు నార్మల్ అని వస్తే బిడ్డకు ఏ లోపమూ ఉండదని హామీ కాదు.

అపోహ: పరీక్ష చేయించుకుంటే తీయించుకోవాల్సిందే

పరీక్ష సమాచారం ఇస్తుంది. నిర్ణయం మీది, చట్టం అడిగేది గర్భిణి అంగీకారం ఒక్కటే. అత్తగారిదీ కాదు, భర్తదీ కాదు. గర్భం కొనసాగించే ఉద్దేశంతోనే పరీక్ష చేయించుకునేవాళ్లూ ఉన్నారు. డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల్లో దాదాపు సగం మందికి గుండె లోపాలు ఉంటాయి. ముందే తెలిస్తే పిల్లల గుండె వైద్యులు ఉన్నచోట కాన్పు ఏర్పాటు చేసుకోవచ్చు.

అపోహ: ఇంకా ఐదో నెలే కదా, చూద్దాం

మనవాళ్లు నెలల్లో లెక్కపెడతారు, పరీక్షలు వారాల్లో నడుస్తాయి. ఎన్టీ స్కాన్, డబుల్ మార్కర్ గడువు 11 వారాల నుంచి 13 వారాల 6 రోజుల వరకే. మూడో నెల నిండేదాకా కబురు బయటపెట్టని ఇళ్లలో సరిగ్గా ఆ గడువే జారిపోతుంది. మార్కర్లలో తర్వాత మిగిలేది క్వాడ్రపుల్ మార్కర్ (నాలుగైదు నెలల్లో చేసే రక్త పరీక్ష), అది పట్టుకునేది అంతకంటే తక్కువ. దాని రిపోర్టు వచ్చేసరికి ఆషాఢం, పుట్టింటి ప్రయాణం, సీమంతం. చివరకు 21వ వారంలో మా దగ్గరకు వస్తారు. నమూనా హైదరాబాద్‌కో బెంగళూరుకో వెళ్లి, కణాలు పెరిగి, క్రోమోజోములు చూడటానికి రెండు మూడు వారాలు. ముఖ్యమైన క్రోమోజోములకు రెండు మూడు రోజుల్లో వచ్చే పరీక్షలు ఉన్నా, అవి పూర్తి చిత్రం ఇవ్వవు. ఈలోగా 24 వారాలు వచ్చేస్తాయి. 2021లో సవరించిన చట్టం ప్రకారం గర్భస్రావానికి 20 వారాల వరకు ఒక డాక్టరు అభిప్రాయం చాలు. 20 నుంచి 24 వరకు కొన్ని వర్గాల స్త్రీలకే, ఇద్దరు డాక్టర్లు కావాలి. అది దాటితే బిడ్డలో తీవ్ర లోపం ఉందని మెడికల్ బోర్డు తేల్చాలి. అదే అమ్మాయి 16వ వారంలో వచ్చి ఉంటే 19 కల్లా ఫలితం చేతిలో ఉండేది.

వచ్చేటప్పుడు తెచ్చుకోవాల్సినవి: మొట్టమొదటి స్కాన్ రిపోర్టు (వారాల లెక్క దాని నుంచే), మార్కర్ రిపోర్టు అన్ని పేజీలు, ఇద్దరి బ్లడ్ గ్రూపులు, గుర్తింపు కార్డు. ఇంతకుముందు బిడ్డ పోయి ఉంటే ఆ కాగితాలు కూడా. చూడలేక చింపేశామంటారు చాలామంది. ఆ ఆసుపత్రికి వెళ్లి కేసు షీటు నకలు అడగండి, దొరకవచ్చు.